పాలసీ చదవకుండా పదేళ్లు ప్రీమియం కట్టాను

ఆరోగ్య బీమాకి ఏటా ప్రీమియం కట్టి రసీదు ఫైల్లో పడేయడమే తప్ప లోపల ఏముందో ఎప్పుడూ చూడలేదు. మోకాలి నొప్పికి ఫిజియోథెరపీ చేయించుకుని బిల్లు పంపితే, ఆసుపత్రిలో చేరకుండా చేయించుకున్నది మీ పాలసీలో రాదని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఒళ్లు మండింది గానీ, నాలుగో పేజీలో చిన్న అక్షరాల్లో రాసే ఉంది మరి.

ఆ సాయంత్రం కళ్లజోడు, పెన్సిలు పట్టుకుని కూర్చున్నా. కో-పేమెంట్ 20 శాతం, అంటే ఎంత బిల్లయినా అందులో ఐదో వంతు నా జేబులోంచే! శుక్లాల ఆపరేషన్‌కి విడిగా ఒక పరిమితి. వెంటనే కంపెనీ మార్చేద్దామనిపించింది, కానీ కొత్తచోట నా బీపీకి వెయిటింగ్ పీరియడ్ (ముందే ఉన్న జబ్బుకి బీమా డబ్బు ఇవ్వకుండా ఆగమనే గడువు) మళ్లీ మొదటినుంచీ లెక్కపెడతారా అని ముందు మెయిల్‌లో అడిగి, రాతపూర్వకంగా జవాబు వచ్చాకే పాతది వదిలాను (ఫోన్లో చెప్పింది నమ్మొద్దు).

ఇక మోకాలు. 65 దాటినవాళ్లకి వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం, మూడు రోజులైనా తూలిపోకుండా నిలబడే కసరత్తులు అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. నడక సరే, రెండోది నాకు తట్టనే లేదు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం మొదలుపెడితే మొదటిరోజు ఆరోసారికే కాళ్లు వణికాయి. ఇప్పుడు పన్నెండు. ఒంటికాలి మీద నిలబడేటప్పుడు మాత్రం ఇంకా గోడ పట్టుకుంటున్నా.