మొదటిసారి పాత మోటారు బోటు కొనేవారు దాన్ని ఎలా పరీక్షించాలి?

తుంగభద్ర ఒడ్డున పెరిగిన మనకు పుట్టి తెలుసు, తెడ్డు తెలుసు. ముందు భాగంలో ఇద్దరు పడుకునే చిన్న గది, వెనక పెద్ద ఇంజను ఉండే మోటార్ క్రూయిజర్ మాత్రం కొత్త. రెండేళ్ల కిందట నేను, మా తమ్ముడు కర్నూలు నుంచి బయలుదేరి తీరం పొడవునా తొమ్మిది పాత బోట్లు చూసి, చివరికి ఒకటి కొన్నాం. చూడటం నేర్చుకోవడానికే మాకు ఏడాది పట్టింది. మీకు అంత కాలం పట్టకూడదని ఇది రాస్తున్నాను.

ముందు నీటిని చూడండి

బోటు ఎక్కడ తిరగాలో తేలకుండా ఏ బోటు మంచిదో చెప్పలేం. శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. వేసవిలో నీరు ఎంత తగ్గుతుందంటే, నెలల తరబడి మునిగి ఉన్న సంగమేశ్వరం గుడి బయటపడుతుంది. సంక్రాంతికి బోటు కట్టిన చోట ఉగాది నాటికి బురదే మిగలవచ్చు. పైగా ఆ నీటి కింద మన ఉమ్మడి కర్నూలు జిల్లా ముంపు ఊళ్ల గోడలు, చెట్ల మోడులు ఉన్నాయి. అందుకే ప్రొపెల్లర్ (బోటును తోసే రెక్కల చక్రం) అడుగున కదలకుండా బిగించి ఉండే బోటు వద్దంటాను. ఇంజను బోటు వెనక గోడకు బయట తగిలించి ఉండి, దాని కాలును, అంటే ప్రొపెల్లర్ ఉండే కింది భాగాన్ని, పైకెత్తుకునే వీలున్న ఔట్‌బోర్డ్ రకం మేలు. పొడవు 18 నుంచి 22 అడుగులు చాలు. వెడల్పు కూడా కొలవండి. 2.6 మీటర్లు దాటితే మామూలు ట్రైలర్ మీద రోడ్డున తేలేరు, ప్రత్యేక అనుమతి కావాలి.

కాగితాలు

1917 నాటి చట్టం స్థానంలో ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం 2021లో వచ్చింది. రిజిస్ట్రేషన్, సర్వే సర్టిఫికెట్ (బోటును తనిఖీ చేసి ఇచ్చే పత్రం), బీమా చూడండి. బోటు మీది నంబరు, ఇంజను నంబరు కాగితాల్లో ఉన్నవేనా అని మీరే స్వయంగా సరిపోల్చుకోండి. జలాశయంలో తిప్పడానికి జలవనరుల శాఖను, నల్లమల వైపు వెళ్లేటట్లయితే అటవీ శాఖను కూడా అడగాలి, అక్కడ పులుల అభయారణ్యం ఉంది. అనుమతి వచ్చాకే అడ్వాన్సు ఇవ్వండి.

ఒడ్డున పెట్టించి చూడండి

అన్నిటికంటే ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. నీటిలో తేలుతున్న బోటును చూసి బేరం కుదుర్చుకోకండి. ఇంజను, సీట్లు, వైర్లు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. నీటి మీద తేలే బోటు దేహాన్ని, అంటే హల్‌ను, మార్చలేం.

మేము చూసిన మొదటి బోటు కొత్త రంగుతో మెరిసిపోతోంది. డబ్బు తీయబోతుంటే మాతో వచ్చిన మెకానిక్ జేబులోంచి రూపాయి బిళ్ల తీసి వెనక గోడ మీద తట్టాడు. పక్కల కణకణమన్న ఫైబర్ ఇంజను బిగించిన చోట మూగగా, తడి గుమ్మడికాయ మీద కొట్టినట్టు పలికింది. ఆ గోడను ట్రాన్సమ్ అంటారు. చాలా పాత బోట్లలో దాని ఫైబర్ పొరల మధ్య ప్లైవుడ్ ఉంటుంది. బోల్టు రంధ్రాల గుండా ఏళ్ల తరబడి నీరు దిగితే చెక్క లోపలే కుళ్లిపోతుంది, పైకి ఏమీ కనపడదు. ఇంజనును సగం పైకెత్తి, దాని కాలు మీద బరువు వేసి ఊపి చూడండి. గోడ కొద్దిగా కదిలినా, బోల్టుల చుట్టూ చీలికలు ఉన్నా, ధర ఎంత తగ్గించినా ఆ బోటు వదిలేయండి.

అదే బిళ్లతో అడుగు భాగమంతా, పైన నడిచే చోటు కూడా తట్టుకుంటూ వెళ్లండి. కాలి కింద మెత్తగా దిగే నేల మంచిది కాదు. హల్ అడుగున బొబ్బలు కనిపిస్తే నీరు పొరల్లోకి చేరిందని అర్థం. ఒకటి చిదిమితే వెనిగర్ వాసన వస్తుంది. ఒకటి రెండు బొబ్బలు బాగుచేసుకోవచ్చు, అడుగంతా పొక్కిపోతే పెద్ద పని. రెయిలింగ్ కాళ్ల దగ్గర సాలెగూడు లాంటి సన్నని గీతలు పై పూతవి, భయం లేదు. నడి అడుగును అడ్డంగా దాటే పొడవైన చీలిక బోటు దేన్నో గుద్దుకుందనడానికి గుర్తు.

ఇంజను

మీరు వెళ్లేసరికి ఇంజను వేడిగా ఉంటే చల్లారేదాకా ఆగండి. చల్లటి ఇంజను ఎలా అందుకుంటుందో చూడాలి, అమ్మేవారు ముందే తిప్పి ఉంచడం మామూలే. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది, అయితే పాత టూ స్ట్రోక్ ఇంజనులో కొంత నీలం సహజం. నల్ల పొగ అంటే ఇంధనం ఎక్కువవుతోంది. ప్రతి సిలిండర్ కంప్రెషన్, అంటే లోపలి ఒత్తిడి, కొలిపించండి, ఒకదానికీ మరొకదానికీ తేడా పది శాతం మించకూడదు. గేర్ ఆయిల్ కొద్దిగా తీయించి చూడండి. పాలలా తెల్లగా ఉంటే సీలు గుండా నీరు చేరింది. శీతలీకరణ నీరు వెనక రంధ్రం నుంచి ధారగా పడాలి. సముద్రంలో తిరిగిన ఇంజనులో ఉప్పు పేరుకుని ఈ దారులు మూసుకుపోతాయి. తీరం నుంచి తెచ్చేవారు దీన్ని తప్పక చూడాలి.

నీటిలో

కనీసం అరగంట, అందులో కొంతసేపు పూర్తి వేగంతో తిప్పండి. ఇంజను తయారీదారు చెప్పిన గరిష్ఠ తిరుగుళ్లను (ఆర్‌పీఎం) అందుకోకపోతే కారణం అడగండి. వెనక్కి నడపండి, స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పండి. ఒడ్డుకు వచ్చాక నేల పలకలు ఎత్తి అడుగున చేరిన నీరు చూడండి.

డబ్బు, భద్రత

కొన్న ధరలో అయిదో వంతు పక్కన ఉంచుకోండి. మాకు బ్యాటరీ, ఇంధన గొట్టాలు, నీటి పంపులోని రెక్కల చక్రం (ఇంపెల్లర్), స్టీరింగ్ కేబుల్‌కే అందులో చాలా భాగం అయిపోయింది. సముద్రపు బోటుకు జింకు ఆనోడ్లు, అంటే ఇంజను లోహానికి బదులు తామే అరిగిపోయే లోహపు ముక్కలు, ఉంటాయి. మంచినీటిలో వాటి మీద గట్టి పొర కట్టి పనిచేయవు, మెగ్నీషియంవి బిగించుకోండి. లేకుంటే ఇంజను కాలులోని లోహం తినుకుపోతుంది.

2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటక బోటు మునిగి పదుల మంది ప్రాణాలు పోయాయి. ఆ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ చేతులు చల్లబడతాయి. ఎక్కే ప్రతి ఒక్కరికీ లైఫ్ జాకెట్ ఉండాలి, ఒడ్డు వదలకముందే వేసుకోవాలి. పిల్లలకు వారి బరువుకు సరిపోయేవి వేరుగా కొనండి, పెద్దవారి జాకెట్ పిల్లల తల మీదుగా జారిపోతుంది. ఇంజను నడుస్తుండగా గదిలో ఎవరినీ పడుకోనివ్వకండి, పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. జూన్, జూలైలలో జలాశయం మీద ఈదురుగాలి లేస్తుంది. మొదటి ప్రయాణం అప్పుడు పెట్టుకోకుండా నవంబరు దాకా ఆగండి. అప్పటికి గాలి తగ్గుతుంది, నీరూ నిండుగా ఉంటుంది. వెంట అనుభవమున్న సరంగును తీసుకెళ్లండి.