అటక నిచ్చెన చేయిస్తున్నారా? ముందు వాలు చూసుకోండి

కావలిలో మా ఇంటి అటక 8 అడుగుల ఎత్తులో ఉంది. నిచ్చెన కూడా సరిగ్గా 8 అడుగులే చేయించాం. అది నిట్టనిలువుగా తప్ప నిలబడేది కాదు. అమ్మ బియ్యం డబ్బా దించేటప్పుడల్లా నాకు ఒకటే టెన్షన్.

లెక్క తేలికే. ఎత్తు ఎంతో అందులో నాలుగో వంతు, కింది కాళ్లు అటక అంచుకి సూటిగా కింద ఉన్న చోటు నుంచి దూరంగా ఉండాలి. 8 అడుగులకి 2 అడుగులు. అప్పుడు నిచ్చెన పొడవు 8 అడుగుల 3 అంగుళాలు కావాలి. ఆ మూడు అంగుళాలే ప్రాణం కాపాడేవి.

మెట్లు గుండ్రటి కర్రలు వద్దు, పాదం ఆనేలా 3 అంగుళాల బద్దలు పెట్టించండి. మెట్టుకీ మెట్టుకీ అడుగు దాటకూడదు. వాటిని పక్క కర్రల్లోకి గాడి తీసి దూర్చమనండి. ఉత్త మేకులైతే మన సముద్రపు గాలికి తుప్పు పట్టి వదులవుతాయి. చెక్క టేకే కానక్కర్లేదు, బాగా ఆరిన వేప చాలు, చెద త్వరగా పట్టదు.

నిచ్చెన పైన రెండు కొక్కేలు, అవి తగిలించడానికి అటక అంచున ఒక స్టీలు పైపు పెట్టించండి. కాళ్లకి రబ్బరు తప్పనిసరి, టైల్స్ మీద జారుతుంది. పని అయ్యాక కొక్కేలు విడిపించి నిచ్చెనని పక్కన పెట్టేస్తే దారికి అడ్డం ఉండదు.