‘గుర్తు’ అన్నచోటల్లా ‘రిమెంబర్’ వస్తోందా? ఇంగ్లీషు క్రియాపదాల సమస్య - పరిష్కారం

లక్షణం

తిరుపతిలో నా దగ్గర ఇంగ్లీషు నేర్చుకోవడానికి వచ్చేవారిలో ఎక్కువమంది చెప్పుకొనే ఇబ్బంది ఒక్కటే. పదాలు తెలుసు, కాలాలు తెలుసు, వాక్యం కట్టడమూ వచ్చు. అయినా మాట పూర్తయ్యేసరికి ఎదుటివారి ముఖంలో సందేహం కనబడుతుంది. ‘ఐ సెడ్ హిమ్’, ‘రిమెంబర్ మీ టుమారో’, ‘ఐ వాజ్ సీయింగ్ టీవీ’ వంటి వాక్యాలు పలికే ఈ విద్యార్థులను ఒక్కొక్క క్రియకు అర్థం విడిగా అడిగితే తడుముకోకుండా సరిగానే చెబుతారు. తమకు పదజాలం చాలడం లేదనుకొని మరో వంద పర్యాయపదాలు బట్టీ పడతారు. దానితో తప్పు తగ్గకపోగా, తప్పు చేయడానికి మరో వంద పదాలు దొరుకుతాయి.

ముందుగా చూడవలసినది

క్రియ తరువాత ఏమి వస్తోందో చూడండి. నిఘంటువు తెరిచిన ప్రతివారూ అర్థం చదివి మూసేస్తారు తప్ప, దాని కిందనే ఉన్న ఉదాహరణ వాక్యం చదవరు. ఏళ్ళ తరబడి చెబుతున్నా ఈ ఒక్క అలవాటు రాకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది, ఎందుకంటే సగం తప్పులు అక్కడే ఆగిపోతాయి.

‘చెప్పు’ అనే క్రియనే తీసుకోండి. తెలుగులో ‘అతనికి చెప్పాను’, ‘ఆ మాట చెప్పాను’ అని రెండు విధాలా అనవచ్చు, ఎవరికి చెప్పామో ‘కి’ అనే విభక్తి చూపిస్తుంది. ఇంగ్లీషులో ఆ పని పదాల వరుస చేస్తుంది. ‘టెల్’ తరువాత సాధారణంగా మనిషి వస్తాడు, ‘సే’ తరువాత చెప్పిన మాట వస్తుంది, ‘సే’తో మనిషిని కలపాలంటే మధ్యలో ‘టు’ ఉండాలి. ‘ఎక్స్‌ప్లెయిన్’ కూడా ‘సే’ దారిలోనే నడుస్తుంది కనుక ‘ఎక్స్‌ప్లెయిన్ మీ’ అనకూడదు, ‘ఎక్స్‌ప్లెయిన్ ఇట్ టు మీ’ అనాలి. ఈ అవసరాన్ని గుర్తించినవారిలో ముఖ్యుడు ఎ. ఎస్. హార్న్‌బీ. జపాన్‌లో ఇంగ్లీషు బోధిస్తూ, సహచరులతో కలిసి 1942లో టోక్యోలో వెలువరించిన నిఘంటువులో ఆయన క్రియలను వాటి వెంట వచ్చే నిర్మాణాన్ని బట్టి 25 నమూనాలుగా విడదీసి చూపాడు. 1948లో ఆక్స్‌ఫర్డ్ దానిని మళ్ళీ ప్రచురించింది. నేటి అభ్యాసకుల నిఘంటువుల్లో క్రియ పక్కన కనబడే నిర్మాణ సూచనలు ఆ దారిలో వచ్చినవే, అవి పండితుల కోసం పెట్టినవి కావు.

దొంగచాటుగా దెబ్బతీసే కారణం

పై పరీక్ష చేసినా తప్పు పోకపోతే కారణం ఇంగ్లీషులో లేదు, తెలుగులో ఉంది. ఇది నాకు ఆలస్యంగా అర్థమైంది.

నా విద్యార్థి ఒకడు ఇక్కడి ఒక హోటల్లో రిసెప్షన్‌లో పనిచేసేవాడు. ఏటా అక్కడే దిగే పెద్దాయన ఒకరు కొండకు వెళ్ళి, తలనీలాలు సమర్పించి తిరిగి వచ్చారు. ఆయనకు తెలుగు రాదు. గుండుతో ఉన్న మనిషిని పోల్చుకోలేక గది నంబరు అడిగిన ఈ కుర్రవాడు, వెంటనే పొరపాటు గ్రహించి, గౌరవంగానే ‘సారీ సర్, ఐ డిడ్ నాట్ రిమెంబర్ యూ’ అన్నాడు. అతను చెప్పదలచినది ‘మిమ్మల్ని గుర్తుపట్టలేదు’ అని. ఆయనకు వినిపించినది ‘మీరు నాకు జ్ఞాపకమే లేరు’ అని. ఆయన నొచ్చుకున్నారు. నేను ఇచ్చిన పర్యాయపదాల పట్టికలో ఆ అబ్బాయి ఒక్క తప్పూ లేకుండా రాసినవాడు. ‘గుర్తు’ ఎదురుగా ‘రిమెంబర్’ అని ఆ పట్టికలో రాసి ఇచ్చినది నేనే.

జరిగినది ఏమిటంటే, తెలుగులో అర్థఛాయ చాలాసార్లు మొదటి పదంలో ఉండదు, దాని వెనుక చేరే చిన్న క్రియలో ఉంటుంది. గుర్తుండడం వేరు, గుర్తు చేయడం వేరు, గుర్తుపట్టడం వేరు, గుర్తు తెచ్చుకోవడం వేరు, గుర్తుపెట్టుకోవడం వేరు. ఈ తేడాలలో తెలుగు పిల్లవాడెవడూ పొరబడడు. ఇంగ్లీషుకు వచ్చేసరికి మాత్రం ‘గుర్తు’ను మాత్రమే నిఘంటువులోకి తీసుకువెళ్ళి, అర్థాన్ని మోసే ఆ తోకను గుమ్మం బయటే వదిలేస్తాడు. ఇంగ్లీషు ఆ ఛాయలను తోకలతో చూపదు, వేరు వేరు క్రియలతో చూపుతుంది. గుర్తుంటే ‘రిమెంబర్’, ఒకరికి గుర్తు చేస్తే ‘రిమైండ్’, మనిషిని గుర్తుపడితే ‘రికగ్నైజ్’, ప్రయత్నించి గుర్తు తెచ్చుకొంటే ‘రికాల్’, పద్యాన్నో నంబరునో గుర్తుపెట్టుకొంటే ‘మెమొరైజ్’ అవుతాయి.

‘తెలుసు’ కూడా ఇలాంటిదే, పైగా ఇది మరింత మోసకారి. ‘తెలుసు’ అనేది ఒక స్థితి, దానికి ‘నో’ సరిపోతుంది. ‘తెలిసింది’ అనేది ఒక సంఘటన, ‘తెలుసుకున్నాను’లో నా ప్రయత్నం ఉంది. ‘కౌంటరు దగ్గరకు వెళ్ళాక సర్వదర్శనం టోకెన్లు అయిపోయాయని తెలిసింది’ అనే వాక్యంలో ‘ఐ న్యూ’ అని పెడితే, అప్పటికే నాకు ఆ సంగతి తెలిసి ఉందన్న అర్థం వస్తుంది. అక్కడ ‘ఫౌండ్ అవుట్’ అనాలి, ఎవరో చెప్పగా తెలిస్తే ‘హర్డ్’ అనవచ్చు.

పరిష్కారం

చెప్పదలచిన వాక్యాన్ని ముందు తెలుగులో, మీ ఇంట్లో మాట్లాడినట్లే, పూర్తిగా రాయండి. చివరి క్రియను తోకతో సహా గీత గీసి వేరు చేయండి, ఆ మొత్తానికే ఇంగ్లీషు పదం వెదకండి. ‘నేర్చుకొను’ అనేది ‘లెర్న్’, ‘నేర్పు’ అనేది ‘టీచ్’. అప్పు ఇస్తే ‘లెండ్’, తీసుకొంటే ‘బారో’. ఆ తరువాత కర్త ‘నాకు’ అని ఉందో, ‘నేను’ అని ఉందో చూడండి. ‘నాకు కనబడింది’, ‘నాకు వినబడింది’ అన్నప్పుడు పని మన ప్రమేయం లేకుండా జరిగింది కనుక ‘సీ’, ‘హియర్’ సరిపోతాయి.

చిక్కు ఎక్కడంటే, ‘నేను చూశాను’ అనేది రెండు వైపులా పోతుంది. అందుకు నేను వాడించే పరీక్ష ఇది: ‘చూశాను’ తీసి ‘కనబడింది’ పెట్టి చూడండి. ‘నిన్న బస్టాండులో మీ తమ్ముణ్ణి చూశాను’ అన్న వాక్యం ‘మీ తమ్ముడు కనబడ్డాడు’ అని చక్కగా మారుతుంది, కనుక ‘సా’. ‘నిన్న రాత్రి క్రికెట్ చూశాను’ అలా మారదు, కనుక ‘సా’ నప్పదు. మారనప్పుడు, చూసిన వస్తువు కదులుతోందా, ఏదైనా జరుగుతుందని కనిపెట్టుకొని చూశామా అని అడగాలి. బ్రహ్మోత్సవాల ఐదో రోజు రాత్రి గరుడ వాహనం మాడ వీధుల్లో సాగుతుంటే చూడడం ‘వాచ్’, నిలబడి గోపురం మీది బొమ్మలను చూడడం ‘లుక్ ఎట్’. సినిమాకు మాత్రం ఈ పరీక్ష పూర్తిగా పనిచేయదు, థియేటర్‌లో చూసినదానికి ‘సా’ అనడం ఇంగ్లీషులో సహజమే. ‘విన్నాను’ను కూడా ఇలాగే ‘వినబడింది’తో పరీక్షించవచ్చు, కానీ ‘ఆ వార్త విన్నాను’ వంటి చోట మారకపోయినా ‘హర్డ్’ అనే అనాలి.

మిగిలిన కారణాలు

అర్థం సరిపోయినా మాట కృత్రిమంగా వినబడితే స్థాయిని చూడండి. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించిన తరువాత ఫ్రెంచి మాటలు పెద్ద ఎత్తున ఆ భాషలోకి వచ్చి చేరాయి, అందుకే ‘బిగిన్’ ఇంటి మాటగా, ‘కమెన్స్’ కాగితాల మాటగా నిలిచాయి. ఇంటర్వ్యూలో ‘ఐ కమెన్స్ మై డే ఎట్ సిక్స్’ అనడం, ఉదయం ఇడ్లీ భుజించానని స్నేహితుడితో అనడం లాంటిది. పీటర్ మార్క్ రోజే 1852లో ప్రచురించిన థెసారస్ మాటలను భావాలను బట్టి గుంపులు కట్టింది తప్ప వాటికి అర్థాలు చెప్పలేదు, కనుక తెలిసిన మాటను జ్ఞాపకం తెచ్చుకోవడానికే దానిని తెరవండి.

కారు అద్దెకు తీసుకోవడం బ్రిటన్‌లో ‘హైర్’, అమెరికాలో ‘రెంట్’ కావడం వంటి తేడాలు అప్పుడప్పుడు ఎదురవుతాయి. ఏది వాడినా వినేవారికి అర్థమవుతుంది, వాటి మీద సమయం పెట్టనక్కరలేదు.