అమెరికా అంతర్యుద్ధం నాటి ఒక కుటుంబం ఉత్తరాలను ఎలా చదవాలి?

1854 నుంచి 1868 దాకా జార్జియా రాష్ట్రంలోని జోన్స్ కుటుంబం వారు ఒకరికొకరు రాసుకున్న ఉత్తరాల్లో సుమారు 1,200 అచ్చులో దొరుకుతాయి. రాబర్ట్ మాన్సన్ మయర్స్ సంపాదకత్వంలో యేల్ విశ్వవిద్యాలయం వాటిని 1972లో ‘ద చిల్డ్రన్ ఆఫ్ ప్రైడ్’ పేరుతో ప్రచురించింది. 1,800 పేజీలు దాటిన పుస్తకం. అంత పుస్తకం చదవడానికి ఓపిక ఉంటే సరిపోదు, ఒక పద్ధతి కూడా కావాలి.

ఇంకో చిక్కు ఉంది, నా దృష్టిలో అదే పెద్దది. ఈ ఉత్తరాలు ఎంతో ప్రేమగా ఉంటాయి. 1861 జులైలో పెద్దకొడుకు భార్య, వారి చిన్నారి కూతురు కొద్ది రోజుల తేడాతో చనిపోయారు. అప్పుడు ఆ ఇంట్లో నడిచిన ఉత్తరాలు చదువుతుంటే కళ్లు చెమరుస్తాయి. అదే ఇంటివారు వందమందికి పైగా బానిసలకు యజమానులు. ఆ ప్రేమా నిజమే, ఈ యజమానత్వమూ నిజమే. రెండింటినీ ఒకేసారి కళ్ల ముందు ఉంచుకుని చదవాలంటే ఏం చేయాలో చెబుతాను.

మొదట వరసలు తేల్చుకోండి

తండ్రి చార్లెస్ కాల్కాక్ జోన్స్ (1804–1863) ప్రెస్బిటేరియన్ పాస్టర్. తల్లి మేరీ. పెద్దకొడుకు పేరూ చార్లెసే. అతను న్యాయవాది, యుద్ధానికి ముందు సవానా నగర మేయర్, తర్వాత దక్షిణాది (బానిసత్వాన్ని నిలుపుకోవాలని అమెరికా నుంచి విడిపోయిన రాష్ట్రాల) సైన్యంలో ఫిరంగి దళ అధికారి. రెండో కొడుకు జోసెఫ్ వైద్యుడు. కూతురు పేరు మళ్లీ మేరీ. మాలర్డ్ అనే పాస్టర్‌ను పెళ్లాడింది. ఇద్దరు చార్లెస్‌లు, ఇద్దరు మేరీలు. ఉత్తరం పైన ఊరి పేరు, కింద సంతకం చూడకుండా ఒక్క వాక్యం కూడా చదవవద్దు. పెద్ద మేరీ పుట్టింటి పేరు కూడా జోన్సే. ఆమె తన భర్తకు తండ్రి సోదరుడి కూతురు, మన లెక్కలో చెల్లెలి వరస. తెలుగు పాఠకులు ఇక్కడ ఉలిక్కిపడతారు కానీ, అక్కడి తోటల (బానిసలతో సాగు చేయించే పెద్ద వ్యవసాయ క్షేత్రాల) యజమానుల కుటుంబాల్లో అలాంటి పెళ్లిళ్లు జరిగేవి. భూమీ బానిసలూ ఒకే వంశంలో నిలవడానికి అవి తోడ్పడ్డాయి.

ఈ వంశవృక్షం పక్కనే రెండో కాగితం పెట్టండి. ఉత్తరాల్లో ఇంటిపేరు లేకుండా కనిపించే ప్రతి పేరునూ అందులో రాయండి: ఫీబీ, కాసియస్, కేటో, పోర్టర్, పేషెన్స్. ఎవరు ఎవరి బిడ్డ, ఎవరు ఏ తోటలో ఉన్నారు, ఏ ఉత్తరం తర్వాత కనిపించకుండా పోయారు అన్నది తేదీతో సహా గుర్తు పెట్టండి. జోన్స్‌లకు మూడు తోటలు ఉండేవి: మాంటెవిడియో, ఆర్కేడియా, మేబ్యాంక్. ఈ రెండో కాగితం నిండేకొద్దీ పుస్తకం మారిపోతుంది.

తేదీలను యుద్ధంతో జతచేయండి

కొన్ని తేదీలు దగ్గర ఉంచుకుంటే చాలు. 1861 ఏప్రిల్‌లో లింకన్ దక్షిణాది రేవులను నౌకలతో దిగ్బంధించాడు. (ఆ దిగ్బంధం వల్ల ఇంగ్లండ్ మిల్లులకు అమెరికా పత్తి ఆగిపోయి, గుంటూరు ప్రాంతపు పత్తికి గిరాకీ పెరిగింది, కాకినాడ రేవు కళకళలాడింది. ఎక్కడి యుద్ధమో మన రైతు ఇంటికీ వచ్చింది.) 1862 ఏప్రిల్ 11న సవానా నది ముఖద్వారంలోని పులాస్కి కోట ఉత్తరాది సైన్యం వశమైంది. 1864 నవంబరు మధ్యలో ఉత్తరాది జనరల్ షెర్మన్ అట్లాంటా నుంచి సముద్రం వైపు బయలుదేరి, డిసెంబరు 21న సవానాను పట్టుకున్నాడు. ఉత్తరం చేతికి రాగానే ఈ వరసలో అది ఎక్కడ పడుతుందో చూడండి.

అసలు చేతివ్రాత ప్రతులు చూసేవారికి నాలుగు మాటలు. అప్పటి ఇంగ్లీషు చేతివ్రాతలో రెండు ‘ఎస్’లు పక్కపక్కన వస్తే మొదటిది తరచూ పొడవుగా ‘ఎఫ్’ లాగా ఉంటుంది. తేదీ పక్కన ‘ఇన్స్ట్.’ అని ఉంటే ఈ నెల, ‘అల్ట్.’ అని ఉంటే గత నెల. కాగితం కరువైన ఇళ్లలో రాసిన పేజీనే అడ్డంగా తిప్పి, వరుసల మీదుగా మళ్లీ రాసేవారు. వాడిన కవర్లను లోపలి వైపు బయటకు తిప్పి మళ్లీ అంటించేవారు. అలాంటి పేజీని ఏటవాలుగా పట్టుకుంటే ఒక దిక్కు వరుసలు తేలుతాయి. తపాలా బిళ్ల కూడా సాక్ష్యమే. దక్షిణాది ప్రభుత్వం 500 మైళ్ల లోపు ఉత్తరానికి తీసుకునే 5 సెంట్లను 1862 జులైలో 10 సెంట్లు చేసింది. సైనికుడు పేరు, హోదా, దళం కవరు మీద రాస్తే ముందుగా డబ్బు కట్టకుండానే పంపవచ్చు, అందుకున్నవారు కట్టుకోవాలి.

మెత్తని మాటల దగ్గర ఆగండి

ఈ ఉత్తరాల్లో ‘బానిస’ అనే మాట కంటే ‘సేవకులు’, ‘మన మనుషులు’ అనే మాటలే ఎక్కువ వినిపిస్తాయి. అవి కనిపించిన ప్రతిసారీ మనసులో ‘అమ్మడానికి వీలున్న మనిషి’ అని చదువుకోండి. ఇది కఠినంగా అనిపించవచ్చు, కానీ వాక్యానికి అసలు బరువు అప్పుడే తెలుస్తుంది. 1862 జులైలో తండ్రి కొడుకుకు రాసిన ఉత్తరం చూడండి. తమ కౌంటీ నుంచి అప్పటికే 51 మంది బానిసలు శత్రువు వైపు వెళ్లిపోయారని, పట్టుబడినవారిని ఏ చట్టం కింద శిక్షించాలని ఆయన అడుగుతాడు. జీవితమంతా బానిసలకు క్రీస్తు మాట బోధించిన మనిషి. ఆ మనుషులు స్వేచ్ఛ కోరుకోగానే ఆయన కళ్లకు దేశద్రోహులయ్యారు. ‘మన మనుషులు’ అన్న మాటకు అసలు అర్థం నాకు ఈ ఉత్తరంలో తెలిసింది.

రాయనివ్వని వారి ఉత్తరం వెతకండి

నా మటుకు నాకు అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే. జార్జియాలో 1829 నుంచే బానిసలకు చదవడం, రాయడం నేర్పడం నేరం. పాస్టర్ జోన్స్ కూడా వారికి క్రైస్తవ బోధల ప్రశ్నోత్తరాలు నోటితోనే వల్లె వేయించేవాడు. అందుకే వేల ఉత్తరాలున్న ఈ కుటుంబ పత్రాల్లో వారి గొంతు దాదాపు వినిపించదు. వినిపించిన చోట రోజంతా ఆగినా తప్పు లేదు.

ఫీబీ, కాసియస్ దంపతుల కూతురు జేన్ 1856లో సవానాకు పారిపోయి పట్టుబడింది. ఆ తర్వాత జోన్స్‌లు ఆ కుటుంబాన్ని అమ్మేశారు. 1857 మార్చిలో న్యూ ఆర్లియన్స్ నుంచి ఆ దంపతుల పేరుతో ఒక ఉత్తరం వచ్చింది. అందులో ముందు పేర్లు, పేర్ల తర్వాత పేర్లు: కూతురు క్లారిస్సా, మనవలు, అన్నదమ్ములు, అత్తలు, అందరికీ అడిగామని చెప్పండి అని. ఆ వరుస మధ్యలోనే జేన్ ఫిబ్రవరిలో చనిపోయిందన్న వార్త. తమను కక్షకొద్దీ అమ్మారని సూటిగా ఒక మాట. తాము ఇప్పుడు పారేసే తిండి మీ తోటకు ఒక పంట కాలమంతా సరిపోతుందని మరో మాట. ఆ స్పెల్లింగులను మనసులో కూడా దిద్దకండి, విన్నట్టే చదవండి. తర్వాత, ఇదే అమ్మకం గురించి జోన్స్‌లు ఒకరికొకరు రాసుకున్న ఉత్తరాలు తీసి, తేదీల వరసలో దాని పక్కన పెట్టండి. మీ రెండో కాగితం మీది పేర్లు ఇక్కడ మనుషులవుతాయి.

ఉత్తరాలు ఆగిపోయిన చోటు

1864 డిసెంబరులో షెర్మన్ అశ్విక దళం జోన్స్‌ల తోటలున్న లిబర్టీ కౌంటీ మీద పడింది. తపాలా లేదు, రాస్తే చేరవేసేవారు లేరు. మాంటెవిడియోలో ఉన్న తల్లీ కూతుళ్లు ఉత్తరాలకు బదులు దినచర్య రాసుకున్నారు. సైనికులు ఇల్లంతా సోదా చేస్తున్న ఆ రోజుల్లోనే, 1865 జనవరి 4న, కూతురు మేరీ ఒక ఆడపిల్లను కన్నది. ఆమె భర్త అప్పటికే బందీ. ఆ భయం నిజమైనది, దాన్ని తేలిక చేయవద్దు. కానీ అదే జనవరి 16న షెర్మన్ 15వ నంబరు ప్రత్యేక ఉత్తర్వుతో ఆ తీరపు భూములను విముక్తి పొందినవారికి కేటాయించాడని కూడా పక్కన రాసుకోండి. ఆ ఏడాదిలోనే అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ ఆ భూములను పాత యజమానులకు తిరిగి ఇప్పించాడు.

యుద్ధం తర్వాతి ఉత్తరాల్లో కూలి ఒప్పందాలు, ఎవరు ఉన్నారు, ఎవరు వెళ్లిపోయారు అన్న లెక్కలు నిండుతాయి. పెద్ద మేరీ 1868లో తోట వదిలి న్యూ ఆర్లియన్స్‌లోని కూతురి దగ్గరకు వెళ్లింది. మరుసటి ఏడాది అక్కడే కన్నుమూసింది. వెళ్లిపోయినవారిని ఆమె కృతఘ్నులని అనుకున్నప్పుడు, వారు ఎక్కడికి వెళ్లారో మీరు వెతకండి. 1860 జనగణన బానిసల పట్టికలో పేర్లు ఉండవు, యజమాని పేరు కింద వయసు, లింగం, రంగు మాత్రమే ఉంటాయి. 1870 జనగణనలో వారు మొదటిసారి సొంత పేరుతో, ఇంటిపేరుతో కనిపిస్తారు. మధ్య ఏళ్లకు, విముక్తి పొందినవారి కోసం ప్రభుత్వం పెట్టిన ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో కూలి ఒప్పందాల పత్రాలున్నాయి. ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడవచ్చు. జోన్స్‌ల అసలు పత్రాలు టులేన్, జార్జియా విశ్వవిద్యాలయాల గ్రంథాలయాల్లో ఉన్నాయి.

అట్లాంటాలో ఉండే తెలుగువారు సవానా వైపు వెళ్తే, అక్కడి నుంచి ఇంకొంచెం దక్షిణానికి వెళ్లి మిడ్‌వే చర్చి చూడండి. 1792లో కట్టిన తెల్లటి చెక్క భవనం. పాస్టర్ జోన్స్ సమాధి ఎదురుగా ఉన్న శ్మశానంలోనే ఉంది. లోపలికి వెళ్లినప్పుడు తల పైకెత్తి గ్యాలరీ చూడండి. బానిసలను కూర్చోబెట్టిన చోటు అది.