కౌజు పిట్టలకు తొలి గూడు: ఎలా కట్టాలి, ఎలా పెంచాలి?

కౌజు పిట్టలు పెంచాలన్న ముచ్చట పుట్టగానే చాలామంది సంతకు వెళ్లి అట్టపెట్టె నిండా పిట్టలను తెచ్చేస్తారు. గూటి సంగతి ఆ తర్వాత గుర్తుకొస్తుంది. ఈలోగా కొన్ని పిల్లి పాలవుతాయి, కొన్ని ఎగిరిపోతాయి. వరస తప్పకుండా చేయాలంటే ముందు గూడు, తర్వాత మేత, ఆఖరున పిట్ట.

మనం పెంచేది జపనీస్ కౌజు. 1974లో దీన్ని మన దేశానికి, ఉత్తరప్రదేశ్‌లోని ఇజ్జత్‌నగర్‌కు తెచ్చారు. పొలాల్లో తిరిగే అడవి కౌజు వేరు. దానికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. వల వేసి పట్టిన పిట్టలను రోడ్డు పక్కన చవగ్గా ఇస్తామన్నా తీసుకోవద్దు. హేచరీలోనే కొని, రసీదు దాచుకోండి.

1. చోటు చూసుకోండి

ఎండ నేరుగా పడని, గాలి ఆడే చోటు కావాలి. గూడు పొడవు తూర్పు పడమరలుగా ఉంటే రెండు పూటలా ఎండ లోపలికి కొట్టదు. కోళ్లు ఉన్నవారు వాటికి దూరంగా పెట్టుకోవాలి, ఎందుకంటే కోళ్ల జబ్బులు వీటికీ అంటుకుంటాయి. కుక్క మొరుగుడు, పిల్లల పరుగులు ఉండే వాకిలి కంటే పెరడు నయం.

2. గూడు కట్టండి

మొదటిసారి పాతిక పిట్టలు చాలు. 4 అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు ఉన్న గూటిలో అవి హాయిగా తిరుగుతాయి. చదరపు అడుగుకు ఐదు వరకు పట్టినా, కొత్తవారు అంత కిక్కిరిసి పెట్టకపోవడమే మంచిది.

ఎత్తు దగ్గరే ఎక్కువమంది పొరపడతారు. పిట్టలకు విశాలంగా ఉండాలని మూడడుగుల ఎత్తు పెడతారు. కౌజు బెదిరితే పక్కకు పరుగెత్తదు, బాణంలా నిట్టనిలువుగా లేస్తుంది. మూడడుగుల్లో దానికి కావలసినంత వేగం వస్తుంది. ఆ ఊపులో పైకప్పుకు కొట్టుకుని నెత్తి చర్మం చీరుకుంటుంది, ఒక్కోసారి మెడే విరుగుతుంది. ఒక అడుగు ఎత్తే పెడితే వేగం అందుకునే వీలుండదు. లేదంటే మనిషి నిలబడేంత ఎత్తున గది కట్టాలి, కానీ అది తొలి గూటికి దండగ. కప్పుకు ఓ అంగుళం కింద గోనె పట్టా బిగించి కడితే తగిలినా దెబ్బ ఉండదు.

జాలీ విషయంలో పిసినారితనం పనికిరాదు. కోళ్లకు వాడే పలచని ఆరు పలకల జాలీని పందికొక్కు కొరికేస్తుంది, పిల్ల పాము ఆ కన్నాల్లోంచి దూరిపోతుంది, పిల్లి పంజా పెట్టి పిట్ట తలను లాగేస్తుంది. అర అంగుళం కన్నాల వెల్డ్ మెష్ (తీగలు కలిసే చోటల్లా అతికించిన గట్టి జాలీ) తీసుకుని అడుగు, పక్కలు, పైన అంతటా అదే వేయండి. సర్వి బాదులతోనో ఇనుప యాంగిల్‌తోనో చట్రం కట్టి బైండింగ్ వైరుతో బిగించండి. కోసిన తీగ మొనలు బయటికి ఉండాలి. పని అయ్యాక లోపల నాలుగు మూలలా అరచేయి మెల్లగా రాసి చూడండి. మీ చేతికి గుచ్చుకున్నదే రేపు పిట్ట కాలికి గుచ్చుకుంటుంది.

తలుపు చిన్నదిగా, చేయి పట్టేంతే ఉండాలి. సాయంత్రానికి గూటికి చేరడం కోడికి తెలుసు, కౌజుకు తెలియదు. బయటపడిందంటే దానిమీద ఆశ వదులుకోవలసిందే. గుడ్లు ముందుకు దొర్లివచ్చే వాలు ఏర్పాటు కొందరు చేస్తారు. మొదటి గూటికి అది వద్దంటాను, గుడ్డు వచ్చే సందులోంచి పాము కూడా వస్తుంది.

గూటిని రెండున్నర అడుగుల కాళ్ల మీద నిలబెట్టి, ఒక్కో కాలును పాత ఇంజన్ ఆయిల్ పోసిన డబ్బాలో ఉంచండి. చీమలు ఎక్కవు. నీళ్లు పోస్తే దోమలకు నిలయమవుతుంది. గూటి కింద రేకు పళ్లెం పెట్టి దానిలో ఊక పరిచి, రెండు రోజులకోసారి తీసి ఎరువు గుంటలో వేయండి. ఘాటు వాసన ముక్కుకు తగిలిందంటే పిట్టల కళ్లు అప్పటికే మండుతున్నట్టు. పైన రేకు వేస్తే దాని మీద తాటాకు కప్పాలి. మే నెలలో ఒట్టి రేకు కింద పిట్ట బతకదు. వానాకాలానికి పక్కలకు పైకి చుట్టే పట్టాలు కట్టుకోండి, కానీ పై భాగంలో గాలి సందు మూయకండి.

3. పిట్టలను ఎంచుకోండి

కొత్తవారు ఒక్క రోజు వయసు పిల్లల జోలికి పోకపోవడం మంచిది. పదేసి గ్రాములైనా తూగని ఆ పిల్లలకు మొదటి వారం దాదాపు 35 డిగ్రీల వెచ్చదనం కావాలి. నీళ్ల పళ్లెంలో గులకరాళ్లు వేయకపోతే పడి మునిగిపోతాయి. నున్నటి కాగితం మీద కాళ్లు జారి చీలిపోతాయి. అర అంగుళం జాలీ కన్నాల్లో వాటి కాళ్లు ఇరుక్కుంటాయి కూడా.

మూడు, నాలుగు వారాల పిట్టలైతే ఈ గండాలు దాటి ఉంటాయి, పైగా ఆడామగా తెలుస్తుంది. రొమ్ము ఈకలు చూడండి: ఇటుక రంగులో మచ్చల్లేకుండా ఉంటే పుంజు, లేత రంగు మీద నల్ల చుక్కలుంటే పెట్ట. ఇరవై పెట్టలకు ఐదు పుంజులు చాలు. తినే గుడ్ల కోసమే అయితే పుంజు అసలు అక్కర్లేదు. పుంజులు ఎక్కువైతే ఒకదాని నెత్తి ఒకటి పొడుచుకుంటాయి.

4. మేత, నీళ్లు, వెలుతురు

ఒట్టి నూకలతో కౌజు పెరగదు. ఎదిగే దశలో మేతలో 24 శాతం దాకా మాంసకృత్తులు కావాలి. బ్రాయిలర్ ప్రీ-స్టార్టర్ (బ్రాయిలర్ కోడిపిల్లలకు మొదటి రోజుల్లో పెట్టే మేత) దానికి దగ్గరగా ఉంటుంది, గింజ పెద్దదైతే కచ్చాపచ్చాగా నూరి పెట్టండి. పెద్ద పిట్ట రోజుకు 25 నుంచి 30 గ్రాములు తింటుంది. గుడ్లు మొదలయ్యాక ఆల్చిప్పల పొడి వేరే గిన్నెలో పెడితే కావలసినంత తీసుకుంటాయి.

ఒక మూల పళ్లెంలో ఇసుక, పొయ్యి బూడిద కలిపి పెట్టండి. కాసేపటికే ఒకటి వచ్చి పొట్ట ఆనించి, రెక్కలు విదిలిస్తూ బూడిద ఒంటికంతా పట్టించుకుంటుంది. ఆ వెంటే మిగతావి తోసుకొస్తాయి. ఈకల్లోని పురుగులు పోవడానికి ఇంతకంటే తేలిక మార్గం లేదు.

ఆరేడు వారాల వయసుకు గుడ్లు పెట్టడం మొదలవుతుంది. ఎక్కువ గుడ్లు మధ్యాహ్నం మూడు దాటాకే వస్తాయి కనుక చీకటి పడే ముందు ఏరుకోవాలి. రోజుకు 14 నుంచి 16 గంటల వెలుతురు ఉండాలి. చలికాలంలో పగలు తగ్గుతుంది కాబట్టి పొద్దుగూకాక చిన్న బల్బు వెలిగించండి.

5. సొంతంగా పిల్లలు కావాలంటే

జపనీస్ కౌజు పెట్ట సాధారణంగా పొదగదు. తరతరాలుగా పంజరాల్లో పెరిగి ఆ అలవాటు పోయింది. ఇంక్యుబేటర్ లేకపోతే పొదుగుకు కూర్చున్న నాటుకోడి కింద పెట్టవచ్చు, కానీ చిన్న ఒంటి కోడినే ఎంచుకోండి. పది, పన్నెండు గ్రాముల గుడ్డు బరువైన కోడి కింద నలిగిపోతుంది. 17 లేదా 18 రోజులకు పిల్లలు బయటికొస్తాయి. అంతకుముందే వాటికి వేరుగా, వెచ్చగా ఉండే పెట్టెను బల్బుతో సహా సిద్ధం చేసి పెట్టుకోండి. పిల్లలు బల్బు కింద గుమిగూడితే చలి వేస్తున్నట్టు, అంచులకు పోయి నోళ్లు తెరిస్తే వేడి ఎక్కువైనట్టు.