జావాస్క్రిప్ట్ – 4వ పాఠం: బీచ్ బిల్లు 4030 ఎందుకైంది?

రెండు వస్తువుల ధరలు అడిగి కూడి చూపమని పోయిన వారం ఇచ్చిన బిల్లు లెక్క చాలామందికి బెడిసికొట్టింది. మురీ మిక్చర్ 40, మొక్కజొన్న పొత్తు 30, మొత్తం 4030 అని వచ్చిందట. గాజువాక కుర్రాడొకడు ఫోన్ చేసి, "మేస్టారూ, ఆర్కే బీచ్‌లో ఈ రెంటికీ నాలుగువేలేటండీ?" అన్నాడు. తప్పు నాదే. ప్రాంప్ట్‌తో, అంటే తెర మీద ప్రశ్న చూపి జవాబు కొట్టించుకునే పెట్టెతో, అడగమన్నాను గానీ, అది తెచ్చిచ్చేది ఏమిటో చెప్పలేదు. ఇవాళ చెప్పాల్సిన లూపులు (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించడం) వచ్చే వారానికి.

ప్రాంప్ట్ పెట్టెలో మీరు ఏం కొట్టినా జావాస్క్రిప్ట్‌కి అందేది అక్షరాలే. 40 అంటే నలభై కాదు, నాలుగు పక్కన సున్నా. అక్షరాల మధ్య ప్లస్ పెడితే అది కూడిక చేయదు, అతికిస్తుంది. మైనస్‌కి అతికించే పని లేదు కాబట్టి తనే అంకెలుగా మార్చుకుని 10 ఇస్తుంది. "తీసివేత వస్తోంది, కూడికే రావట్లేదు" అన్నవాళ్లకి జవాబు ఇదే.

మందు ఒక్క ముక్క, అక్షరాల్ని అంకెగా మార్చే నంబర్ (లెట్ అంటే విలువకి ఒక పేరు పెట్టడం):

లెట్ మురీ = నంబర్(ప్రాంప్ట్("మురీ ధర?"));

పొత్తుకీ అంతే. నంబర్‌లో మొదటి అక్షరం పెద్దది. లెట్, నంబర్, ప్రాంప్ట్ ఇంగ్లీషులోనే (let, Number, prompt) కొట్టాలి. మురీ, పొత్తు లాంటి పేర్లు తెలుగులో ఉన్నా నడుస్తుంది. నేనైతే నంబర్ అని రాయను, ప్రాంప్ట్‌కి ముందు ఒక ప్లస్ తగిలించి ఊరుకుంటాను. మీరు మాత్రం ఇప్పుడే ఆ అలవాటు చేసుకోకండి.

ఇక నాకు ఒళ్లు మండే చోటు. నంబర్ పెట్టాక కూడా కొందరికి మళ్లీ 4030! కారణం ఈ వరస:

"మొత్తం: " + మురీ + పొత్తు

లెక్క ఎడమ నుంచి నడుస్తుంది. ముందు "మొత్తం: "కి 40 అతుక్కుంది. ఇప్పుడు చేతిలో ఉన్నది అక్షరాలు, కాబట్టి 30 కూడా అతుక్కుంది. అదే 10 + 20 + "రూ" అంటే 30రూ వస్తుంది, ఎందుకంటే అంకెలు ముందే కలిశాయి. "రూ" + 10 + 20 అంటే రూ1020. అందుకని కూడికకి బ్రాకెట్ వేయండి:

"మొత్తం: " + (మురీ + పొత్తు)

బ్రాకెట్ వేయకుండా నాకు ఫోన్ చేయకండి.

అభ్యాసం: మూడు వస్తువుల బిల్లు, ఒకటి 12.50. ఎవరైనా "40/-" అని కొడితే నంబర్ చేతులెత్తేసి నాన్ (NaN, అంటే "ఇది అంకె కాదు") అంటుంది. అప్పుడు "ధర సరిగ్గా రాయండి" అని చూపాలి. క్యాన్సిల్ నొక్కితే వచ్చేది నల్ (null, అంటే "ఏమీ లేదు"), దాన్ని నంబర్ గుట్టుగా 0 చేసేస్తుంది. అలా ఉచితంగా తిననివ్వకండి, నంబర్‌కి ఇవ్వకముందే పట్టుకోండి.