కొలత పరికరాల కాలిబ్రేషన్, 6వ పాఠం: ల్యాబుకు పంపాలా, ఉన్నచోటే చూడాలా?

కాలిబ్రేషన్ అంటే పరికరం చూపే అంకెను నమ్మదగిన ప్రామాణికంతో పోల్చి చూడటం. ఈ పాఠంలో అనిశ్చితి లెక్కలు, అంటే కొలత ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పే లెక్కలు, మొదలుపెట్టాలనుకున్నాను. కానీ గత పాఠం చివర ఇచ్చిన అభ్యాసానికి వచ్చిన జవాబుల్లో చాలా వరకు ఒకే చోట తడబడ్డాయి కనుక, ఆ చిక్కు విప్పకుండా ముందుకు వెళ్లడం కుదరదు.

అభ్యాసం ఇది: వేడినీటి లైనులోని పీటీ100 (వేడిని బట్టి విద్యుత్ నిరోధం మారే ప్లాటినం) సెన్సర్‌ను విప్పి ల్యాబుకు పంపగా, 100 డిగ్రీల వద్ద దోషం 0.1 డిగ్రీ మాత్రమేనని సర్టిఫికెట్ వచ్చింది. తిరిగి బిగించాక మాత్రం కంట్రోల్ రూమ్ తెర ఎప్పటిలాగే రెండున్నర డిగ్రీలకు పైగా ఎక్కువ చూపుతోంది. చాలామంది తప్పు ల్యాబుదన్నారు, కొందరు సెన్సర్‌నే మార్చమన్నారు. వైరింగ్ రెండు తీగలదనీ, పోనూ రానూ కలిపి తీగల నిరోధం 1 ఓమ్ అనీ ప్రశ్నలోనే ఉంది. పీటీ100 నిరోధం 0 డిగ్రీల వద్ద 100 ఓమ్‌లు, 100 డిగ్రీల వద్ద 138.51 ఓమ్‌లు, అంటే డిగ్రీకి సుమారు 0.385 ఓమ్. తీగలోని ఆ 1 ఓమ్‌ను కూడా ట్రాన్స్‌మిటర్ (సెన్సర్ సంకేతాన్ని తెరకు పంపే పరికరం) ఉష్ణోగ్రతగానే లెక్కగట్టి, సుమారు 2.6 డిగ్రీలు కలిపి చూపిస్తుంది. ల్యాబులో తీగల నిరోధం లెక్కలోకి రాని నాలుగు తీగల పద్ధతిలో కొలుస్తారు కనుక అక్కడ ఆ తేడా పుట్టదు. సర్టిఫికెట్ నిజమే చెప్పింది, అయితే అది సెన్సర్ ఒక్కదాని గురించే చెప్పింది. ల్యాబు పరికరాన్ని పరీక్షిస్తుంది, సైట్ కాలిబ్రేషన్ తీగ, బిగింపు, పరిసరాలతో సహా కొలత మొత్తాన్ని పరీక్షిస్తుంది. ఏది ఎంచుకోవాలన్నది దోషం ఎక్కడ ఉండవచ్చన్న అనుమానాన్ని బట్టి తేలాలి.

ఇతర గేజ్‌లను సరిచూసే మాస్టర్ గేజ్‌లు, కచ్చితమైన మందం గల స్లిప్ గేజ్‌లు ల్యాబుకే పోవాలన్నది తెలిసిందే. పొడవు కొలతలకు ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. షాప్‌ఫ్లోరులో 35 డిగ్రీలుంటే 100 మిల్లీమీటర్ల ఉక్కు గేజ్ దాదాపు 17 మైక్రాన్లు పెరుగుతుంది. తూకం యంత్రాల సంగతి దీనికి సరిగ్గా తలకిందులు. గురుత్వాకర్షణ ఊరూరికీ మారుతుంది కనుక, ఢిల్లీలో సరిచేసిన లోడ్‌సెల్ (బరువును విద్యుత్ సంకేతంగా మార్చే భాగం) కాటాను హైదరాబాదుకు తెచ్చి 100 కిలోలు పెడితే సుమారు 80 గ్రాములు తక్కువ చూపుతుంది. కాటాను ఉన్నచోటే కాలిబ్రేట్ చేయాలి, ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు.

ఇక నాకు విసుగు పుట్టించే ఉచ్చు: రీడింగ్ రాసుకోక ముందే జీరో సర్దడం, అంటే సున్నా దగ్గరి అంకెను మార్చడం. 0–10 బార్, 4–20 మిల్లీఆంపియర్ల ప్రెషర్ ట్రాన్స్‌మిటర్ (సున్నా ఒత్తిడికి 4, 10 బార్‌కు 20 మిల్లీఆంపియర్లు పంపేది) ఒకటి పైపు ట్యాపింగ్‌కు, అంటే పైపు నుంచి ఒత్తిడి తీసుకునే రంధ్రానికి, 1 మీటరు దిగువన ఉందనుకుందాం. ఆ రంధ్రాన్ని ట్రాన్స్‌మిటర్‌కు కలిపే సన్నని గొట్టం (ఇంపల్స్ లైను)లో నిండిన నీటి బరువు వల్ల, పైపులో ఒత్తిడి లేకున్నా దాని మీద 0.098 బార్ పడుతుంది. సైటులో టెక్నీషియన్ అది చూసి, జీరో సర్ది 4.00కు తెస్తాడు. అతను చేసింది సబబే, కానీ ఎందుకు చేశాడో ఎక్కడా రాయడు. ఏడాదికి అదే ట్రాన్స్‌మిటర్ ల్యాబుకు వెళ్తుంది. అక్కడ నీరు లేదు కనుక సున్నా ఒత్తిడి వద్ద 3.84 చూపుతుంది. వాళ్లు దాన్ని దోషంగా భావించి, ఉన్న రీడింగ్ నమోదు చేయకుండానే 4.00కు సర్ది, చక్కటి సర్టిఫికెట్‌తో పంపుతారు. బిగించిన రోజు నుంచి తెర 0.098 బార్ ఎక్కువ చూపుతుంది. అది స్పాన్‌లో, అంటే 10 బార్ మొత్తం కొలత పరిధిలో, దాదాపు 1 శాతం. ఎవరి పని వారు సరిగానే చేశామనుకున్నారు, కొలత మాత్రం చెడింది. వచ్చిన స్థితిలో రీడింగ్ ఒక వరుస, సర్దిన తర్వాతి రీడింగ్ మరొక వరుస కాగితం మీద ఉండి ఉంటే, 3.84 అంకె చూసిన వెంటనే నీటి ఎత్తు గుర్తుకు వచ్చేది. అంతకన్నా ముఖ్యంగా, సర్దక ముందటి అంకె లేకపోతే గత ఏడాది పొడవునా తయారైన సరుకు సరైన కొలతతో తయారైందో లేదో చెప్పే ఆధారమే పోతుంది. మందుల ఫ్యాక్టరీలో ఆడిటర్ మొదట అడిగేది ఆ అంకెనే. అందుకే స్క్రూ డ్రైవర్‌ను వచ్చిన స్థితిలోని చివరి రీడింగ్ రాసేదాకా సంచిలోంచి తీయవద్దని నా శిష్యులకు చెబుతాను.

సైటులో చేసేటప్పుడు మాస్టర్ పరికరాన్ని అక్కడి గాలికి అలవాటు పడనివ్వాలి, డ్రై బ్లాకులో (సెన్సర్‌ను కావలసిన ఉష్ణోగ్రత వద్ద ఉంచే లోహపు దిమ్మె ఉన్న పరికరంలో) సెన్సర్‌ను అడుగు దాకా దించాలి. ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న సంస్థను పిలిచినా, ఆ గుర్తింపు పరిధిలో సైట్ పని విడిగా ఉందో లేదో చూడండి. అక్కడి అనిశ్చితి ల్యాబు అంకె కంటే సాధారణంగా ఎక్కువే ఉంటుంది.

అభ్యాసం: మూడు తీగల పీటీ100 లూపు (సెన్సర్ నుంచి తెర దాకా ఉన్న కొలత గొలుసు). సెన్సర్‌ను 100.0 డిగ్రీల డ్రై బ్లాకులో పెడితే తెర 101.2 చూపింది. సెన్సర్ తీసి, దాని తలలో (కేబుల్ కలిసే పెట్టెలో) 138.51 ఓమ్‌ల రెసిస్టెన్స్ బాక్స్ (కావలసిన నిరోధం ఇచ్చే పెట్టె) కలిపితే 100.4 వచ్చింది. అదే బాక్సును ట్రాన్స్‌మిటర్ టెర్మినళ్ల దగ్గర కలిపితే 100.1 వచ్చింది. సెన్సర్, కేబుల్, ట్రాన్స్‌మిటర్ వాటాలను విడగొట్టండి. వాటిలో ల్యాబు పట్టుకోగలిగినవి ఏవో, పట్టుకోలేనిది ఏదో కారణంతో రాయండి. తర్వాత మీ ప్లాంటులో అనుమతి తీసుకుని, ఏదైనా ఒక లూపు మీద 50, 100, 150 డిగ్రీల వద్ద, అంటే 119.40, 138.51, 157.33 ఓమ్‌ల వద్ద, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఇదే పని చేసి, ఎక్కే, దిగే రెండు వరుసల రీడింగ్‌లతో సహా పంపండి. జీరో ముట్టుకున్న కాగితాలను నేను దిద్దను.